ఒక్క అంచె కూడా ఎగ్గొట్టకుండా ప్రపంచం చుట్టూ

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్ మీద విమానం నడిపే ప్రోగ్రాం, పెట్టుకున్నవాళ్లు చాలామంది మొదటి వారంలోనే ప్రపంచమంతా తిరిగేస్తారు. మ్యాప్ మీద పారిస్ నొక్కి ఐఫెల్ టవర్ చుట్టూ ఒక చక్కరు, వెంటనే గిజా పిరమిడ్లు, అటునుంచి గ్రాండ్ కాన్యన్. అందులోనూ ఆనందం ఉంది, కాదనను. నేను ఈ రోజు మాట్లాడబోయే యాత్ర మాత్రం వేరు. ఒక చిన్న విమానం తీసుకుని, ఒక చోట బయలుదేరి, అంచెలంచెలుగా ఎగురుతూ, భూమిని పూర్తిగా చుట్టి మళ్లీ అదే చోటికి చేరే యాత్ర. నిన్న ఎక్కడ దిగామో ఇవాళ అక్కడి నుంచే లేవాలి. కాలాన్ని వేగంగా తిప్పే బటన్ జోలికి పోకూడదు. ఆ గంటకు అక్కడ నిజంగా ఏ వాతావరణం ఉంటే అందులోనే ఎగరాలి.

వినడానికి ఇది మనకు మనమే వేసుకున్న శిక్షలా ఉంటుంది. కానీ ఈ కట్టుబాటు పెట్టుకున్నాకే సిమ్యులేటర్ నాకు భూమిని చూపించడం మొదలుపెట్టింది. ఒక సముద్రం ఎంత వెడల్పో, ఒక కొండ వరస ఎందుకు అడ్డమో, గాలి ఏ వైపు నుంచి ఎందుకు వీస్తుందో పుస్తకంలో చదివి తల ఊపిన విషయాలన్నీ అప్పుడు నా ఇంధనం లెక్కలోకి వచ్చి కూర్చున్నాయి.

ముందు ఈ యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు 1929లో నేల మీదే పైలట్‌కు శిక్షణ ఇచ్చే లింక్ ట్రైనర్ తయారు చేశాడు. వాళ్ల నాన్నకు ఆర్గన్ వాద్యాలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆ వాద్యాల్లో వాడే గాలి తిత్తులతోనే లింక్ తన చిన్న కాక్‌పిట్ పెట్టెను అటూ ఇటూ వంగేలా చేశాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో అమెరికా సైనిక పైలట్ల మీద టపా మోసే పని పడింది. రాత్రిళ్లు, మబ్బుల్లో, పరికరాలను మాత్రమే చూసి ఎగరడం అలవాటు లేక వారాల వ్యవధిలోనే చాలామంది చనిపోయారు. ఆ తర్వాతే సైన్యం లింక్ దగ్గర ఆరు ట్రైనర్లు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అవి 10 వేలకు పైగా తయారయ్యాయి. సిమ్యులేటర్ పుట్టుక వెనక ఇన్ని ప్రాణాలున్నాయని గుర్తున్నవాళ్లు దాన్ని ఉత్త ఆటగా చూడలేరు.

ఇంటి కంప్యూటర్‌కు ఇది 1980 ప్రాంతంలో వచ్చింది. బ్రూస్ ఆర్ట్‌విక్ మొదట ఆపిల్ 2 కోసం రాశాడు. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీకి వచ్చింది. గీతలతో గీసిన నేల, చికాగోలో సరస్సు ఒడ్డున మీగ్స్ ఫీల్డ్ రన్‌వే. ఏళ్ల తరబడి కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఆ రన్‌వే మీద నుంచే లేచారు. అసలు మీగ్స్ ఫీల్డ్‌ను 2003 మార్చిలో రాత్రికి రాత్రి బుల్డోజర్లతో తవ్వేసి మూసేశారు. హాంగ్‌కాంగ్‌లో భవనాల మధ్య నుంచి ఒంపు తిరిగి దిగాల్సిన కై తాక్ 1998లోనే మూతపడింది. రెండింటిలోనూ సిమ్యులేటర్లలో ఇప్పటికీ విమానాలు దిగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ప్రపంచ యాత్రకు పనికొచ్చేవి ప్రధానంగా మూడు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 2024 చివర్లో వచ్చిన దాని తర్వాతి కూర్పు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఉన్న అసోబో స్టూడియో వీటిని చేసింది. ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల సమాచారం మీద భూమి మొత్తాన్ని కట్టి ఇంటర్నెట్ ద్వారా మన తెర మీదికి పంపుతారు. 2020 కూర్పులోనే 37 వేల విమానాశ్రయాలున్నాయి. భవనాల వివరాల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను కూడా వాడుకున్నారు. అందులో ఎవరో ఒక ఇంటికి 2 అంతస్తులకు బదులు 212 అని కొట్టడంతో, మెల్‌బోర్న్ శివార్లలో మామూలు ఇళ్ల మధ్య ఆకాశాన్నంటే సన్నటి స్తంభం లేచింది. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ సిమ్ పైలట్లు ఎగురుకుంటూ వెళ్లారు. రెండోది ఎక్స్-ప్లేన్. ఆస్టిన్ మేయర్ మొదలుపెట్టిన ఈ సిమ్యులేటర్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో క్షణక్షణం లెక్కిస్తుంది. మూడోది ఫ్లైట్‌గేర్. దాన్ని స్వచ్ఛందంగా రాస్తున్నారు, పూర్తిగా ఉచితం. దృశ్యాల్లో మిగతా రెండింటితో పోటీపడదు కానీ ప్రపంచం చుట్టి రావడానికి ఏ లోటూ లేదు. పాత కంప్యూటర్ ఉంది కదా అని ఎవరూ ఆగిపోకూడదు. జాయ్‌స్టిక్ ఒకటి ఉంటే చాలు. విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్స్ ఉంటే పక్కగాలిలో దిగడం బాగా వస్తుంది. మిగతా సామాన్ల గురించి ఇవాళ మాట్లాడను.

ప్రపంచం చుట్టడం అంటే ఎంత దూరం? ధ్రువం చుట్టూ గిర్రున తిరిగి అన్ని రేఖాంశాలూ దాటేశానంటే కుదరదు. విమాన రికార్డులను నమోదు చేసే అంతర్జాతీయ సమాఖ్య దీనికి ఒక కొలత పెట్టింది. అన్ని రేఖాంశాలనూ దాటాలి, దూరం కనీసం కర్కటరేఖ పొడవంత, అంటే 36,787 కిలోమీటర్ల పైచిలుకు ఉండాలి. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు దాటితే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే. అందుకే ఉత్తరాన తేలిగ్గా చుట్టేసేవాళ్లు దక్షిణంగా దిగి మళ్లీ పైకి రావాల్సి ఉంటుంది. మనకు సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వకపోయినా ఈ కొలతనే పాటించమంటాను. దానివల్ల దారి ఎడారుల మీదుగా, హిమాలయాల పక్కగా, ఉష్ణమండల మబ్బుల మధ్యగా పోతుంది.

1924లో అమెరికా సైన్యం ఈ పని మొదటిసారి చేసింది. సియాటిల్ నుంచి ఏప్రిల్ 6న నాలుగు డగ్లస్ వరల్డ్ క్రూయిజర్లు పడమటి దిక్కుగా బయలుదేరాయి. ఒకటి అలాస్కాలో పొగమంచులో కొండను గుద్దుకుంది. ఇంకొకటి అట్లాంటిక్‌లో ఫారో దీవుల దగ్గర మునిగింది. మిగతా రెండూ, చికాగో, న్యూ ఆర్లీన్స్ అని వాటి పేర్లు, 175 రోజులకు సెప్టెంబర్ 28న తిరిగొచ్చాయి. నీటి మీద దిగడానికి ఉన్న ఫ్లోట్లు తీసి చక్రాలు బిగించుకున్నది కలకత్తాలో.

నాకు ఆదర్శం మాత్రం జెర్రీ మాక్. 1964లో ఆమె వయసు 38, ముగ్గురు పిల్లల తల్లి. ఒహాయోలోని కొలంబస్ నుంచి మార్చి 19న ఒంటరిగా సెస్నా 180లో తూర్పుకు బయలుదేరింది. ఒకే ఇంజిన్ ఉన్న విమానం. సీట్లు తీసేసి లోపల అదనపు ఇంధనం ట్యాంకులు పెట్టించుకుంది. బెర్ముడా, అజోర్స్, కాసాబ్లాంకా, ట్రిపోలీ, కైరో, కరాచీ, ఢిల్లీ, కలకత్తా, బ్యాంకాక్, మనీలా, గ్వామ్, వేక్ దీవి, హోనొలులు మీదుగా ఏప్రిల్ 17న ఇంటికి చేరింది. ఒంటరిగా విమానంలో ప్రపంచాన్ని చుట్టిన మొదటి మహిళ ఆమె. 1937లో ప్రపంచం చుట్టబోయి పసిఫిక్ మీద మాయమైన అమేలియా ఇయర్‌హార్ట్ పేరు తెలిసిన వందమందిలో ఈమె పేరు తెలిసినవాళ్లు ఒక్కరుంటే గొప్ప. పోయినవాళ్ల గురించి చెప్పుకున్నంతగా క్షేమంగా తిరిగొచ్చినవాళ్ల గురించి మనం చెప్పుకోం. ఇది నాకు బాధగానే ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాళ్లు ఆమె దారినే పట్టండి. అన్నీ నిజమైన ఊళ్లు, నిజమైన దూరాలు. ఒక మనిషి చిన్న విమానంలో చేసి చూపించిన దారి.

ఇక విమానం. నేను సెస్నా 172 ఎంచుకోమంటాను. ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం అదే, 40 వేలకు పైగా. ప్రతి సిమ్యులేటర్‌లోనూ ఉంటుంది. దాదాపు 115 నాట్స్, అంటే గంటకు 213 కిలోమీటర్ల వేగం. వాడుకోగలిగే ఇంధనం 200 లీటర్లు. గంటకు 35 లీటర్ల లెక్కన కాలిస్తే 5 గంటల 40 నిమిషాలు ఎగరగలదు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, కాసేపట్లో వీటితో పనుంది. 36,787 కిలోమీటర్లను 213తో భాగిస్తే 172 గంటలకు పైన. ఎదురుగాలులు, కొండలు చుట్టి రావడాలు కలిపితే 200 గంటలు. వారానికి రెండు గంటల అంచె ఒకటి వేసుకున్నా దాదాపు రెండేళ్లు.

రెండేళ్లా అంటారేమో. అవును, రెండేళ్లు. పెద్ద జెట్ తీసుకుంటే ఇదంతా కొన్ని సాయంత్రాల్లో అయిపోతుంది. కానీ 35 వేల అడుగుల ఎత్తున ఆటోపైలట్ పెట్టుకుంటే కింద సహారా అయినా సైబీరియా అయినా పెద్ద తేడా ఉండదు. 3 వేల అడుగుల్లో ఎగిరితే చుట్టూ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం కనిపిస్తుంది, అయినా ఒక వంతెన, ఒక రైలు పట్టాల మలుపు గుర్తుపట్టగలం. నైలు నది వెంట దక్షిణంగా వెళ్తుంటే ఎడారికీ పంటకూ మధ్య ఎవరో కత్తితో కోసినట్టున్న గీత కిటికీ పక్కనే గంటల తరబడి నడుస్తుంది. నాగరికత అక్కడే ఎందుకు పుట్టిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఏ దిక్కు? తూర్పు. మధ్య అక్షాంశాల్లో గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకే వీస్తాయి, వెనక నుంచి తోసే గాలి దొరికే అవకాశం అటే ఎక్కువ. గంటకు 40 కిలోమీటర్ల గాలి జెట్ విమానానికి లెక్కలోది కాదు. మన సెస్నాకు అది వేగంలో ఐదో వంతు.

ఇప్పుడు అసలు కథ, ఉత్తర అట్లాంటిక్ దాటడం. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

చిన్న విమానాలను కెనడా నుంచి యూరప్ చేర్చే ఫెర్రీ పైలట్లు దశాబ్దాలుగా వాడిన దారి ఒకటుంది. కెనడాలోని గూస్ బే నుంచి గ్రీన్‌లాండ్ దక్షిణాన ఉన్న నార్సర్సువాక్, అక్కడి నుంచి ఐస్‌లాండ్, ఆపైన స్కాట్లాండ్. నార్సర్సువాక్ రన్‌వేను రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు కట్టారు. కొండల మధ్య పొడవుగా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అంటే ఫియర్డ్, దాని చివర ఉంటుంది. చుట్టూ కొండలు, వెనక మంచు పలక. మబ్బు కిందికి దిగిందంటే ఆ పాయలోకి చూసుకుంటూ దూరాలి. పక్క పాయల్లో కొన్ని కొండగోడతో ఆగిపోతాయి. తప్పు పాయలోకి వెళ్లినవాడికి వెనక్కి తిరిగే చోటు ఉండకపోవచ్చు.

గూస్ బే నుంచి అక్కడికి దాదాపు 1,250 కిలోమీటర్లు. మన అంకెలు బయటికి తీయండి. 5 గంటల 40 నిమిషాలను 213తో గుణిస్తే 1,200 పైచిలుకు. అంటే గాలి లేని రోజున మనం తీరానికి ముందే నీళ్లలో ఉంటాం. 30 కిలోమీటర్ల వెనకగాలి ఉందనుకోండి, 5 గంటల 10 నిమిషాల్లో చేరతాం, అరగంట ఇంధనం మిగులుతుంది. ఆ అరగంటతో ఎక్కడికి వెళ్తాం, అక్కడ పొగమంచు పట్టి ఉంటే?  కాబట్టి మామూలు సెస్నా 172తో ఈ అంచె లేదు.

ఈ సంగతి తేలాక మ్యాప్‌ను ఇంకా ఉత్తరాన వెతకాలి. బఫిన్ దీవి మీద ఇకాలుయిట్ ఉంది. అక్కడి నుంచి గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ సుమారు 820 కిలోమీటర్లు. నూక్ నుంచి మంచు పలక దాటి తూర్పు తీరంలో కులుసుక్ దాదాపు 700. కులుసుక్ నుంచి రేక్‌యవిక్ 740. ఆపైన ఫారో దీవుల్లో వాగర్ 770, అక్కడి నుంచి స్కాట్లాండ్ కొసన విక్ 460. ఒక్కటీ 820 దాటదు. చలి ఎక్కువ, దారి చుట్టు, కానీ ప్రతి అంచెలోనూ ఊపిరి పీల్చుకునేంత ఇంధనం మిగులుతుంది. ఎవరూ చెప్పకుండానే, మూడు అంకెలతో, మనం ఒక కొత్త దారి కనిపెట్టుకున్నాం. ఈ యాత్రలో నాకు దొరికే ఆనందంలో పెద్ద భాగం ఇదే.

ఇకాలుయిట్ నుంచి నూక్ అంచెను ఇంకాస్త విప్పి చూద్దాం. ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లు అనుకోండి. నేల మీద మన వేగం 173. చేరడానికి 4 గంటల 45 నిమిషాలు, మిగిలేది ఒక గంటకు కాస్త తక్కువ ఇంధనం. సముద్రం మధ్యలో ఇంజిన్ శబ్దం మారింది. ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా? సగం దూరం, 410 కిలోమీటర్ల దగ్గర గీత గీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది తప్పు. వెనక్కి తిరిగితే అదే గాలి మనల్ని తోస్తుంది, వేగం 253 అవుతుంది. లెక్క వేస్తే ఆ గీత 487 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా 1 గంట 55 నిమిషాలే. సగం దాటి పావు గంట ఎగిరి, ముందున్న నేలే దగ్గరనుకున్నవాడికి, నిజానికి వెనక్కి తిరగడమే మేలని ఈ లెక్క చెప్తుంది. బయలుదేరే ముందే ఈ అంకెను కాగితం మీద రాసి పెట్టుకోవాలి. టెన్షన్‌లో ఉన్నప్పుడు భాగహారాలు రావు.

దిక్సూచి కూడా ఇక్కడ వేరే పాఠం నేర్పుతుంది. అయస్కాంత ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావని అందరం చదువుకున్నాం. చాలాచోట్ల ఆ తేడా కొద్ది డిగ్రీలే. గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో అది 20 డిగ్రీలు దాటుతుంది. ఇంకా ఉత్తరాన దిక్సూచిని నమ్మలేరు కాబట్టే కెనడా ఉత్తర ప్రాంతంలో రన్‌వే నంబర్లను అసలు ఉత్తరం ప్రకారమే వేస్తారు. ఇక మంచు పలక. గ్రీన్‌లాండ్ మధ్యలో అది 3 వేల మీటర్ల ఎత్తు దాటుతుంది. పైన తెల్లటి మబ్బు, కింద తెల్లటి మంచు. దిగంతం మాయమైపోతుంది. కళ్లు నేల సమతలంగా ఉందని చెప్తుంటాయి. ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లు మనం దిగుతున్నామా లేదా అన్నదే చెప్తుంది, కింద నేల పైకి లేస్తోందని చెప్పదు. 172కి రెక్కల మీద పేరుకునే మంచును వదిలించే ఏర్పాటు లేదు. కాబట్టి గడ్డకట్టే చలిలో మబ్బు కనిపిస్తే లోపలికి వెళ్లకూడదు. అసలైన వాతావరణంతో ఎగురుతున్నప్పుడు దీనర్థం ఏమిటంటే, కొన్ని సాయంత్రాలు కంప్యూటర్ తెరిచి, నివేదిక చదివి, మళ్లీ మూసేయడమే. ఆ సాయంత్రాలు వృథా కాలేదని నా నమ్మకం. వెళ్లకూడదని తేల్చుకోవడం పైలట్ పనిలో భాగమే, దాన్ని ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు.

యూరప్ గురించి ఎక్కువ చెప్పను. అడుగడుగునా ఒక రన్‌వే, ఆల్ప్స్ కనుమల్లో తప్ప హాయిగా గడిచిపోతుంది. మధ్యధరా దాటి ఈజిప్ట్, గల్ఫ్, సింధు మైదానం దాకా కూడా హాయిగానే సాగుతుంది.

తర్వాత గాలి పలచబడే చోటు. నేపాల్‌లోని లుక్లా, టెన్జింగ్-హిల్లరీ విమానాశ్రయం. ఎత్తు 2,845 మీటర్లు, రన్‌వే పొడవు 527 మీటర్లు, ఏటవాలు 11.7 శాతం. ఒక చివర లోయ, మరో చివర కొండ. దిగడం కొండ వైపుకే, లేవడం లోయ వైపుకే. చివరి క్షణంలో వద్దనుకుని మళ్లీ పైకి లేచే వీలు లేదు. అందరూ దీన్ని వీడియోల్లో చూసే ఉంటారు. చాలామంది మ్యాప్ నొక్కి నేరుగా ఆ రన్‌వే ఎదుట గాలిలో ప్రత్యక్షమై, పదిసార్లు గుద్ది, పదకొండోసారి దిగి ఆనందిస్తారు. మైదానం నుంచి సొంతంగా ఎక్కుతూ వచ్చినవాడికి అది వేరేగా అర్థమవుతుంది. అక్కడి గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానిలో ముప్పావు వంతే. ఇంజిన్ శక్తిలో నాలుగో వంతుకు పైగా అప్పటికే పోయింది. ఎక్కేకొద్దీ గాలితో కలిసే ఇంధనాన్ని తగ్గిస్తూ రాకపోతే ఇంజిన్ ఇంకా నీరసిస్తుంది. వేగం ముల్లు 60 నాట్స్ చూపిస్తుంది, అసలు వేగం 70కి దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఆ ముల్లు కొలిచేది గాలి ఒత్తిడిని. పలచటి గాలి అంతే ఒత్తిడి ఇవ్వాలంటే మనం ఎక్కువ వేగంగా వెళ్లాలి. అందుకే పొట్టి రన్‌వే మీదికి మామూలు కన్నా వేగంగా వస్తాం. అక్కడ మనల్ని కాపాడేది ఆ ఏటవాలే. బ్రేకుల పని సగం కొండ చేస్తుంది. భయపెట్టే ఆ వాలును అక్కడ ఎందుకు అలా ఉంచారో అప్పుడు తెలుస్తుంది.

ఆగ్నేయాసియాలో మధ్యాహ్నానికి లేచే ఉరుము మబ్బులు మన టైమ్‌టేబుల్‌ను నిర్ణయిస్తాయి, అక్కడ పొద్దున్నే ఎగరడం మంచిది. ఆ తర్వాత పసిఫిక్. కాలిఫోర్నియా నుంచి హవాయికే 3,900 కిలోమీటర్లు, 172కి అందే మాట కాదు. జెర్రీ మాక్ అదనపు ట్యాంకులతో దాటింది. మనం జపాన్, కమ్చత్కా మీదుగా పైకి వెళ్లి, రష్యా కొసన ఉన్న అనాదిర్ నుంచి అలాస్కాలోని నోమ్‌కు దాటొచ్చు, దాదాపు 800 కిలోమీటర్లు. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ వస్తుంది. సోమవారం బయలుదేరి ఆదివారం దిగుతాం. 1522లో మాగెల్లాన్ నౌకల్లో మిగిలిన ఒక్కటీ ప్రపంచం చుట్టి కేప్ వర్డ్ దీవులకు వచ్చినప్పుడు, రోజూ రాసుకున్న లెక్కలో ఒక రోజు తగ్గిందని వాళ్లు ఆశ్చర్యపోయారు. వాళ్లు పడమటికి తిరిగారు కాబట్టి రోజు పోయింది, మనకు తూర్పున ఒక రోజు కలిసొస్తుంది. అంచెంచెకూ గడియారాన్ని కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ వచ్చినవాళ్లకు ఆ లెక్క చేతిలో తేలుతుంది.

పసిఫిక్‌లో ఒక్క అంచె మాత్రం యాత్రలో లేకపోయినా విడిగా ఎగిరి చూడమని అడుగుతాను. న్యూగినీలోని లే నుంచి హౌలాండ్ దీవికి. 1937 జులై 2న అమేలియా ఇయర్‌హార్ట్, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ లాక్‌హీడ్ ఎలెక్ట్రాలో బయలుదేరిన దారి, దాదాపు 4,100 కిలోమీటర్లు. ఆ దీవి పొడవు రెండు కిలోమీటర్లు, వెడల్పు ఒకటి కూడా లేదు. జీపీఎస్ ఆపేసి, దిక్సూచి, గడియారంతో వెళ్లండి. పైలట్లు వాడే ఒక సులువైన లెక్క ఉంది. దిశలో ఒక డిగ్రీ తప్పితే ప్రతి 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతాం. 4,100 కిలోమీటర్లకు అది 68 కిలోమీటర్లు. ఉదయపు ఎండలో సముద్రం మీద పడే ప్రతి మబ్బు నీడా దీవిలాగే కనిపిస్తుంది. హౌలాండ్ దగ్గర ఎదురు చూస్తున్న ఇటాస్కా ఓడకు, 20 గంటలకు పైగా ఎగిరాక ఆమె గొంతు చివరిసారి వినిపించింది. 157-337 రేఖ మీద, అంటే దిక్సూచిలో ఆ రెండు డిగ్రీల వైపు సాగే గీత మీద ఉన్నామని, ఉత్తరానికీ దక్షిణానికీ ఎగురుతున్నామని చెప్పింది. సూర్యోదయాన్ని బట్టి నూనన్ ఆ రేఖ గీశాడని, దాని మీద వాళ్లు దీవి కోసం వెతికారని భావిస్తారు. ఆమె ఏమైందన్న ఊహాగానాల మీద నాకు ఆసక్తి లేదు. ఆ పని ఎంత కష్టమో మాత్రం ఈ అంచె ఎగిరినవాళ్లకు తెలుస్తుంది. తెలిశాక ఆ ఇద్దరి మీద గౌరవం పెరుగుతుంది.

ఒంటరిగా ఎగరడం విసుగనిపిస్తే తోడు దొరుకుతుంది. సిమ్ పైలట్లను ఇంటర్నెట్‌లో ఒకే ఆకాశంలో కలిపే నెట్‌వర్కులు రెండున్నాయి. ఐవావో 1998 నుంచి, వాట్సిమ్ 2001 నుంచి నడుస్తున్నాయి. రెండూ ఉచితం. అక్కడ శిక్షణ తీసుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లుగా కూర్చుంటారు, మనం మైక్‌లో మాట్లాడతాం. రన్‌వే నంబరు, గాలి, ఒత్తిడి, రాడార్ మీద మన విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల కోడ్, చెప్పింది చెప్పినట్టు తిరిగి చదవడం. మొదటిసారి గొంతు వణుకుతుంది. కొత్తవాళ్లమని ముందే చెప్తే వాళ్లు నిదానంగా నడిపిస్తారు. ఆ ఓపికకు జీతం లేదు. వాళ్లకు ఈ వేదిక మీద నుంచి కృతజ్ఞతలు చెప్పాలి.

దీనితో నిజమైన పైలట్ అయిపోతామా? కాము. ఇంటి సిమ్యులేటర్‌లో గడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు, అధికారులు ఆమోదించిన శిక్షణ పరికరాలు వేరు. కుర్చీ కదలదు. మలుపులో ఒంటి మీద పడే బరువు తెలియదు. మబ్బులో లోపలి చెవి చేసే మోసం తెలియదు. పరికరాల మీదే కళ్లు పెట్టి బయటికి చూడటం మానేసే అలవాటు సిమ్ నుంచి వచ్చిన విద్యార్థుల్లో ఉంటుందని శిక్షకులు హెచ్చరిస్తారు, అది నిజమైన ప్రమాదం. నిజంగా నేర్చుకోబోయేవాళ్లు కిటికీ బయట చూడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. అయితే దారి ప్లాన్ చేయడం, వాతావరణ నివేదిక చదవడం, ఇంధనం లెక్క, వెళ్లాలా వద్దా అన్న తీర్పు, ఇవి తెర మీద అయినా ఆకాశంలో అయినా ఒకే పని.

ఇక మాటలు చాలు. తెర మీద ఇకాలుయిట్ నుంచి నూక్ ఫ్లైట్ ప్లాన్ తెరుస్తున్నాను. ట్యాంకులు నిండా ఉన్నాయి, 200 లీటర్లు. ఈ గంటలో రెండు విమానాశ్రయాలూ ఇచ్చిన వాతావరణ నివేదికలు కుడి పక్కన వస్తాయి. గాలి చూడండి, మబ్బు ఎత్తు చూడండి, ఉష్ణోగ్రత చూడండి. వెనక్కి తిరిగే గీత ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడుతుందో కాగితం మీద వేయండి. వెళ్దామంటే ఇప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేస్తాను, వద్దంటే ఎందుకు వద్దో చెప్పండి. ముందు వరుసలో చెయ్యి ఎత్తినవాళ్లతో మొదలుపెడదాం.